అనుమతి లేకుండా మానిన పుండు

మా ప్రభుత్వ దంత వైద్యశాలలో పూర్వం పుండ్లు ఎవరి అనుమతీ లేకుండానే మానిపోయేవి. డాక్టరు పన్ను పీకేవారు, దూది కరిచి పెట్టుకోమనేవారు, మర్నాటి నుంచి ఉప్పునీళ్ళు పుక్కిలించమనేవారు. కోత పెద్దదైతే ఏడో రోజున కుట్లు విప్పేవారు. రోగి ఇంటికి పోయి పప్పన్నం తినేవాడు. ఆ పుండు ఎప్పుడు మానిందో, ఎందుకు మానిందో, ఏ అధికారంతో మానిందో అడిగే నాథుడు లేడు. ఇప్పుడు తల్చుకుంటే ఆ అరాచకానికి ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ రోజుల్లోనూ నేనక్కడే ఉన్నాను, రిజిస్టర్లు రాసే సీనియర్ అసిస్టెంటుగా. నా పేరు లోవరాజు. మా ఆస్పత్రిని బయటివాళ్ళెవరైనా ఒక్క మాటంటే ఊరుకునే రకాన్ని కాను. నా కుడి దవడ పన్నొకటి నాలుగు నెలలపాటు సలిపిన మాట నిజమే. అన్నాళ్ళూ దాన్ని మా ఆస్పత్రిలో చూపించుకోని మాటా నిజమే. దానికి కారణం ఉంది, తర్వాత చెబుతాను.

మా సూపరింటెండెంటు డాక్టర్ విశ్వపతి గారు చాలా మంచివారు. పదకొండేళ్ళుగా ఆయన పన్ను పీకలేదు కనుక రోగుల్లో ఆయనంటే పడనివాళ్ళు ఎవరూ లేరు. పోయినేడాది ఆయన ఏదో మహానగరంలో మూడురోజుల సదస్సుకు వెళ్ళి, వెళ్ళినప్పటి మనిషిగా తిరిగి రాలేదు. స్టేషన్ నుంచి నేరుగా ఆఫీసుకొచ్చి, సంచీ కూడా దించకుండా, "లోవరాజూ, మనం ఇన్నాళ్ళూ చీకట్లో ఉన్నాం" అన్నారు. కరెంటు పోయిందేమోనని నేను ఫ్యాను వంక చూశాను. అది తిరుగుతూనే ఉంది.

నెల తిరిగేసరికి యంత్రం వచ్చింది. తక్కువ శక్తి లేజరు. చిన్న పెట్టె, దానికో తీగ, తీగ చివర లావుపాటి కలంలాంటి పరికరం, దాని కొసన ఎర్రటి వెలుగు. పన్ను తీసిన చోట ఆ కొసను నిమిషంసేపు ఆనించాలి. కోయదు, కాల్చదు, వేడి కూడా తెలియదు. ప్రారంభోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించి, ఆ వెలుగును తన బుగ్గమీదే వేయించుకుని ఫోటో దిగారు. ఆయన పళ్ళన్నీ కట్టుడు పళ్ళు. అయినా చాలా హాయిగా ఉందన్నారు.

"నోరు అనేది చీకటి ప్రాంతం" అని విశ్వపతి గారు ఉపన్యసించారు. "స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్ళయినా అక్కడికి వెలుగు చేరలేదు. సమగ్ర కాంతి దృక్పథంతో, రోగి కేంద్రంగా, పుండు లక్ష్యంగా మనం ముందుకు సాగాలి."

అందరం చప్పట్లు కొట్టాం. ఒక్క డాక్టర్ హైమ గారు మాత్రం కొట్టలేదు. ఆవిడ మా ఆస్పత్రిలో నిజంగా పళ్ళు పీకే డాక్టరు. అప్పుడు కూడా చేతులకు గ్లవ్స్ ఉన్నాయి, లోపల కుర్చీలో ఒక రోగి నోరు తెరుచుకుని ఉన్నాడు.

సాయంత్రం వరండాలో కనిపిస్తే అడిగాను. "మేడమ్, నిజంగా పనిచేస్తుందాండీ?"

"చెడ్డ వస్తువేం కాదు లోవరాజు గారూ. కోత పెద్దదైనప్పుడు మొదటి రెండు మూడు రోజుల్లో వేస్తే కొందరికి వాపు, నొప్పి కాస్త తొందరగా తగ్గొచ్చు. కొందరికి తేడా ఏమీ ఉండకపోవచ్చు. తోడుగా వాడుకోవాలి, అంతే. మానడం అన్నది నోరు తనంతట తానే చేసుకుంటుంది."

ఇంత మామూలు సంగతి చెప్పడానికి ఆవిడ అన్నేళ్ళు ఎందుకు చదివారా అనుకుని, రిజిస్టరు తయారుచేసే పనిలో పడ్డాను.

కాంతి చికిత్సకు రిజిస్టరు కావాలి కదా. ప్రతి రోగికీ రోజు విడిచి రోజు ఆరు కాంతులు. వాటికి ఆరు గడులు. పేరు, వయసు, పన్ను, టోకెను నంబరు, కోత తేదీ, టెక్నీషియన్ సంతకం, ఇంకేవో కలిపి మొత్తం పదమూడు గడులు తేలాయి. స్కేలు పెట్టి గీసుకుంటూ వచ్చాను. ఈ పనిలో నా చెయ్యి తిరిగిన చెయ్యి. కానీ కుడివైపు చివరికొచ్చేసరికి వేలెడు జాగా మిగిలింది. గీయాల్సిన గడులు రెండున్నాయి: 'ఆరో కాంతి తేదీ', 'పుండు మానిన తేదీ'. మళ్ళీ మొదటినుంచి గీయాలంటే రెండువందల పేజీలు. భోజనాల వేళ కూడా అయింది. ఆ రెండిటినీ ఒకే గడిలో సర్ది, పైన 'ఆరో కాంతి మరియు మానిన తేదీ' అని రాసి, డబ్బా విప్పి భోజనానికి కూర్చున్నాను. ఇలాంటి సర్దుబాట్లు ఏ ఆఫీసులోనైనా రోజుకు పది జరుగుతాయి.

మూడు నెలల తర్వాత విశ్వపతి గారు ఆ రిజిస్టరు తెప్పించుకుని చూశారు. గంటసేపు పేజీలు తిప్పారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"లోవరాజూ, నువ్విది గమనించావా? ప్రతి పుండూ సరిగ్గా ఆరో కాంతి రోజునే మానింది. ఒక్కటి ముందు కాదు, ఒక్కటి తర్వాత కాదు."

"అవును సార్."

"ఆరు కాంతులు పూర్తికానివాళ్ళ గడి చూడు. ఖాళీ. అంటే వాళ్ళలో ఒక్కడికీ మానలేదు."

"అవును సార్."

నా సర్వీసులో సూపరింటెండెంట్లకు నేనింకో జవాబు చెప్పి ఎరగను. పైగా ఆయన ముఖం చూస్తే ఆ గడి సంగతి చెప్పబుద్ధి కాలేదు. అంత సంతోషాన్ని పాడుచేయడానికి నోరు రాలేదు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది, టైపు చేసింది నేనే. "ఆరు కాంతులు పూర్తికాని ఏ పుండునూ మానినదిగా పరిగణించరాదు. మానినట్లు రోగి చెప్పినను విశ్వసించరాదు. కంటికి మానినట్లు కనబడినను అది తాత్కాలిక దృశ్యముగా మాత్రమే భావించవలెను. ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు ఆరు కాంతుల అనంతరము మాత్రమే జారీచేయబడును."

దాంతో వరండా నిండిపోయింది. యంత్రం ఒక్కటే. అది వెలుగుతున్నంతసేపూ గదిలో ఉన్నవాళ్ళంతా రంగు కళ్ళద్దాలు పెట్టుకోవాలని నియమం. అద్దాలు రెండు జతలొచ్చాయి, అందులో ఒక జత ముఖ్య అతిథి జ్ఞాపిక అనుకుని ఇంటికి పట్టుకెళ్ళారు. ఆయన్ని అడగడం మర్యాద కాదని మా ఆస్పత్రి కమిటీ తేల్చింది. కాంతి గది టెక్నీషియన్ మస్తాన్ ఉపాయం గలవాడు. ఉన్న అద్దాలు రోగికి పెట్టి, తను గట్టిగా కళ్ళు మూసుకుని వెలుగు వేసేవాడు. అందువల్ల వెలుగు అప్పుడప్పుడు చెవిమీద పడేది. అదీ ఒక కాంతి కిందే రాసుకున్నాం.

టోకెను తీసుకున్నవాళ్ళకు మొదటి కాంతి దక్కేసరికి మూడు వారాలు పట్టేది. ఆ మూడు వారాలూ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావలసిన కండక్టర్లు, టీచర్లు, కానిస్టేబుళ్ళు మా వరండా బల్లలమీద కూర్చుని, జంతికలు నములుతూ, పుండు మానడం కోసం ఎదురుచూసేవారు.

వాళ్ళలో ఒకడిగా వచ్చాడు గవరయ్య.

గవరయ్య మా వీధి చివర వేణుగోపాలస్వామి గుడిలో ఆస్థాన సన్నాయి విద్వాంసుడు. యాభై నాలుగేళ్ళు. ఆయన తండ్రి తర్వాత ఆ ఉద్యోగం ఆయనకొచ్చింది. ఇరవై ఏళ్ళుగా నేను నిద్రలేచేది ఆయన సన్నాయికే. నాకు సంగీతం రాదు, ఆ రాగమేమిటో ఇప్పటికీ తెలియదు. కానీ అది వినబడితే లేచి పళ్ళు తోముకోవాలనిపిస్తుంది, వినబడకపోతే ఏదో అపచారం జరిగినట్లుంటుంది.

కింది దవడలో కుడివైపు జ్ఞానదంతం అడ్డంగా మొలిచి ఆయన బుగ్గ బూరెలా పొంగింది. హైమ గారు చిగురు కోసి, పన్ను ముక్కలు చేసి తీసి, కుట్లు వేశారు. గుడిలో సెలవు పెట్టాడు. దేవస్థానం ఆఫీసు వాళ్ళు ఆ ఖాళీలో ఒక పెట్టె బిగించారు. మీట నొక్కితే గంటా, డోలూ, తాళం అన్నీ కలిసి అదే మోగిస్తుంది. పక్కనే స్పీకర్లో రికార్డు సన్నాయి. ఎప్పుడు విన్నా ఒకటే పాట, ఒకటే చోట గీరుకుపోయినట్టు ఒక ఎక్కిళ్ళ శబ్దం. కార్యనిర్వహణాధికారి గారికి అది బాగా నచ్చింది. పెట్టెకు సెలవులుండవు, పళ్ళూ ఉండవు. గవరయ్యకు కాగితం పంపారు: బ్రహ్మోత్సవాల ధ్వజారోహణం నాటి ఉదయానికల్లా దంత వైద్యశాల ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో హాజరు కాకపోతే ఆ పోస్టు రద్దు, పెట్టె శాశ్వతం.

కోసిన ఏడో రోజున కుట్లు విప్పారు. పదిహేనో రోజున ఇంట్లో తలుపులేసుకుని ఊది చూసుకున్నాడట, స్వరం సుబ్బరంగా పలికిందట. ఇరవై మూడో రోజున ఆయన టోకెను వచ్చింది. మస్తాన్ అద్దాలు పెట్టి, నోరు తెరవమని, టార్చి వేసి చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. బయటికొచ్చి నన్ను పిలిచాడు.

"పుండు లేదు సార్."

"లేకపోవడమేంటి, టోకెనుంది కదా?"

"టోకెనుంది సార్. పుండే లేదు. చిగురు మూసుకుపోయింది. ఎక్కడ వెయ్యమంటారు వెలుగు?"

ఇది మా విధానంలో లేని పరిస్థితి. కాంతి పుండు మీదే వేయాలి. పుండు లేకపోతే కాంతి లేదు. కాంతి లేకపోతే పుండు మానలేదు. మస్తాన్ ఆలోచించి రిజిస్టరులో 'పుండు హాజరు కాలేదు' అని రాశాడు. అంతకుముందు వాళ్ళందరికీ కళ్ళు మూసుకుని వేసేశాడు కనుక ఈ గొడవ రాలేదు. గవరయ్య దగ్గర మాత్రం, ఎంతైనా విద్వాంసుడి నోరని, కళ్ళు తెరిచి చూశాడు.

సాయంత్రానికి నోటీసు తయారైంది. అదీ నేనే టైపు చేశాను. "తమ పుండు ముందస్తు అనుమతి లేకుండా మానిపోయిన కారణమేమో ఈ నోటీసు అందిన మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

గవరయ్య ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు. కండువా సర్దుకుని, చాలా మెల్లగా అడిగాడు. "ఏవండి లోవరాజు గారూ, ఇదేంటండీ? దానంతటదే మానిపోతే నేనేం చెయ్యనండీ?"

"అలా రాయకూడదు గవరయ్య గారూ. దానంతటదే అంటే నిర్లక్ష్యం కింద వస్తుంది. మీరేం చేశారో చెప్పండి, నేను రాసిపెడతాను."

"ఉప్పునీళ్ళు పుక్కిలించానండి."

"రోజుకెన్నిసార్లు?"

"అయిదారుసార్లండి. హైమ డాక్టరమ్మగారు చెప్పారండి. మా అమ్మ కూడా అదే చెప్పేదండి."

"ఇంకా?"

"గోరువెచ్చటి జావ తాగానండి. కారం మానేశానండి. అంతేనండి, స్వామి సాక్షిగా ఇంకేం చెయ్యలేదండి."

దొంగతనం ఒప్పుకుంటున్న మనిషిలా తల దించుకుని చెబుతుంటే, వేలిముద్రలు తీసుకుంటున్నవాడిలా నేను రాసుకున్నాను. కాగితం మడతపెట్టుకుని లేచి, ఆయనొక మాటన్నాడు. "నాకు ఇంకో పని చేతకాదండి బాబూ. మీటలు నొక్కడం కూడా రాదు." ఆ రోజు రాత్రి నాకు అన్నం సయించలేదు. పన్ను సలుపు వల్లే అనుకున్నాను.

ధ్వజారోహణానికి ఇంక ఆరు రోజులుందనగా కమిటీ కూర్చుంది. విశ్వపతి గారు అధ్యక్షులు, పరిపాలనాధికారి గారు సభ్యులు, హైమ గారు ప్రత్యేక ఆహ్వానితులు, మినిట్స్ రాయడానికి నేను. గవరయ్య గుమ్మం బయట నిలబడ్డాడు.

"ఉప్పునీళ్ళు అనేవి మన ఆమోదిత చికిత్సల జాబితాలో ఉన్నాయా?" అన్నారు పరిపాలనాధికారి.

"నేనే చెప్పానండి. ప్రతి రోగికీ చెబుతాను" అన్నారు హైమ గారు.

"రోగి చిత్తశుద్ధిని మనం శంకించడం లేదు" అన్నారు విశ్వపతి గారు, ఎంతో దయగా. "తొందరపడ్డాడు, అంతే. వ్యవస్థ కన్నా ముందు మానిపోయాడు. ఇప్పుడతన్ని తిరిగి వ్యవస్థలోకి తీసుకురావడమే మన కర్తవ్యం."

"సార్, ఆయన నోరు బాగుంది. సర్టిఫికెట్ ఇచ్చేస్తే సరిపోతుంది."

"డాక్టర్ హైమా, బాగుండడం వేరు, మానడం వేరు. మానడానికి విధానముంది."

పరిపాలనాధికారి గారు ఒక సూచన చేశారు. పుండున్న మరో రోగిని గవరయ్య తరఫున కాంతి వేయించుకోమంటే ఎలా ఉంటుంది? పది నిమిషాలు చర్చ జరిగింది. పుండు ఒకరిది, సర్టిఫికెట్ మరొకరిది అయితే రేపు అందరూ అద్దె పుండ్లతో వస్తారని విశ్వపతి గారు తోసిపుచ్చారు. తర్వాత ఆయన కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, కళ్ళు తెరిచారు.

"లేనిది పుండే కదా. పుండు సమకూర్చుకుందాం. ఎడమవైపు జ్ఞానదంతం ఉందిగా?"

నా కలం ఆగింది. "పుండు పునరుద్ధరణ" అని ఆయనే దానికి పేరు కూడా చెప్పారు. రాసుకున్నాను. ఎడమ జ్ఞానదంతం తీసేస్తారు, తాజా పుండు ఏర్పడుతుంది, ప్రత్యేక పరిస్థితి కనుక ఆరు కాంతులూ ఒకే పూట వేసేస్తారు, సాయంత్రానికి సర్టిఫికెట్. విధానానికి భంగం లేదు, రోగికి నష్టం లేదు.

"ఆరోగ్యంగా ఉన్న పన్ను నేను పీకను" అన్నారు హైమ గారు. "రాసి కూడా ఇస్తాను."

"మీరు భావోద్వేగంతో మాట్లాడుతున్నారు. మేము విధానంతో మాట్లాడుతున్నాం. అవసరమైతే నేనే పీకుతాను."

పదకొండేళ్ళ తర్వాత. ఆ వాక్యం మినిట్స్‌లో రాయలేదు.

గవరయ్యను లోపలికి పిలిచి తీర్మానం చదివి వినిపించాను. అంతా విని, చేతులు కట్టుకుని అడిగాడు. "అప్పుడు నిజంగా పుండుంటుంది కదండీ. ఉత్సవాల్లో నేనెలా ఊదనండీ?"

"ఊదలేవు" అన్నారు విశ్వపతి గారు నిజాయితీగా. "కానీ ఊదగలవని సర్టిఫికెట్ ఉంటుంది."

గవరయ్య తల ఊపాడు. "ఉద్యోగం నిలబడుద్దంటే సరేనండి. నెలాగి ఊదుకుంటాను. ఆ పెట్టె మాత్రం తీయించండి చాలు."

మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ కుర్చీ దగ్గర అందరం హాజరయ్యాం. గవరయ్య పట్టు కండువా తీసి మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. మస్తాన్ యంత్రం తెచ్చి పక్కన పెట్టాడు. హైమ గారు గోడకానుకుని చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏదైనా జరిగితే సర్దడానికి ఉన్నానన్నారు. నేను రిజిస్టరుతో నిలబడ్డాను, కోత తేదీ అక్కడికక్కడే రాయాలి కనుక. విశ్వపతి గారు గ్లవ్స్ తొడుక్కుని, పటకారు అందుకుని, గవరయ్య నోట్లోకి చూసి, మస్తాన్ వైపు తిరిగారు.

"ఎడమ అంటే రోగి ఎడమా, నా ఎడమా?"

మస్తాన్ నా వైపు చూశాడు. నేను హైమ గారి వైపు చూశాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. గవరయ్య నోరు తెరుచుకునే ఉన్నాడు. ఆ నోట్లో ముందు పళ్ళు ఎంత శుభ్రంగా, వరసగా ఉన్నాయో అప్పుడు చూశాను. సన్నాయి పీకను పట్టే పెదవుల వెనక ఇంత ఇల్లుంది కాబోలు అనుకున్నాను. ఆయన చూపు నా మీదే ఉంది. నన్ను అడిగిందీ లేదు, తిట్టిందీ లేదు. నా కుడి దవడ ఒక్కసారి జివ్వున లాగింది.

"సార్" అన్నాను. "ఆ కాలమ్ ఒకటి కాదు సార్. రెండు."

"ఏ కాలమ్?"

"రిజిస్టరులో చివరిది సార్. ఆరో కాంతి తేదీ ఒక కాలమ్, మానిన తేదీ ఇంకో కాలమ్ ఉండాలి సార్. జాగా లేక నేనే కలిపేశాను. అందుకే అన్నీ ఆరో కాంతి రోజునే మానినట్టు కనబడ్డాయి సార్. ఆరు పూర్తికాకపోతే రాయడానికి చోటే లేదు సార్."

పటకారు గాల్లో ఆగిపోయింది. యంత్రం చిన్నగా గుయ్యిమంటోంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు సార్." ఇది నిజం. కానీ అన్నాక నాకే సిగ్గేసింది. "భయమేసింది సార్" అని కూడా అన్నాను.

స్కేలు ఎప్పుడూ రిజిస్టరు పేజీల మధ్యే ఉంటుంది. తీసి, గవరయ్య కుర్చీ చేతిమీద రిజిస్టరు ఆన్చి, ఎర్ర కలంతో ఆ చివరి గడి మధ్యలో నిలువుగా ఒక గీత గీశాను. గీత తిన్నగానే వచ్చింది. హైమ గారు అప్పటికే బయటికి వెళ్ళి తన రోగుల చీటీల కట్ట పట్టుకొచ్చారు. ఎవరికి ఎప్పుడు కుట్లు విప్పిందీ, ఎప్పుడు చిగురు మూసుకున్నదీ ఆవిడ దేనికదే రాసిపెట్టుకున్నారు. మేమిద్దరం చదువుతూ రాస్తూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. గవరయ్య నోరు మూసుకోవచ్చా అని ఒకసారి అడిగాడు. మూసుకోమన్నాం.

సర్క్యులర్ వచ్చాక రెండువందల పధ్నాలుగు పుండ్లు. అందులో నూట తొంభై ఏడు మొదటి కాంతి పడకముందే మానిపోయాయి. మిగిలినవి ఆరో కాంతికి చాలా ముందే.

విశ్వపతి గారు ఆ లెక్కను చాలాసేపు చూశారు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. పింఛను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు వరసగా గుర్తొచ్చారు. అప్పుడాయన ముఖం మెల్లగా వెలిగింది, యంత్రంతో పని లేకుండానే.

"లోవరాజూ, దీని అర్థం నీకు తెలుస్తోందా?"

"లేదు సార్."

"లోకంలో ఎక్కడైనా కాంతి పడ్డాకే పనిచేస్తుంది. మన ఆస్పత్రిలో పడకముందే పనిచేస్తోంది. టోకెను ఇస్తే చాలు, పుండు మానిపోతోంది. ముందస్తు కాంతి ప్రభావం. ఇది మామూలు విషయం కాదు."

హైమ గారు ఏదో అనబోయి, గవరయ్య ముఖం చూసి, మాస్కు పైకి లాక్కున్నారు.

"అవును సార్" అన్నాను. నా సర్వీసు మొత్తంలో ఆ మాట ఇంత మనస్ఫూర్తిగా ఎప్పుడూ అనలేదు.

పావుగంటలో సర్టిఫికెట్ టైపయింది. "టోకెను పొందిన అనంతరం ఇతని పుండు విధానబద్ధముగా, సంపూర్ణముగా మానినది. ఊదుటకు అర్హుడు." గవరయ్య దాన్ని రెండు చేతులతో అందుకుని, మిగిలిన ముప్ఫై ఒక్క పళ్ళూ నోట్లోనే ఉన్నాయో లేదో నాలుకతో తడుముకుని, కండువా వేసుకుని బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఈ టోకెను తిరిగిచ్చెయ్యాలాండీ?" అని అడిగాడు. ఉంచుకోమన్నాను.

తర్వాతి సంగతులు మీకు తెలిసే ఉంటాయి. మా ఆస్పత్రికి ఉత్తమ సేవా ఫలకం వచ్చింది. కొత్త సర్క్యులర్ ప్రకారం పన్ను పీకించుకున్న ప్రతివారూ టోకెను తప్పనిసరిగా తీసుకోవాలి. కాంతి అవసరం లేదు. యంత్రానికి గుడ్డ కప్పి గదికి తాళం వేశారు. కోత పెద్దదై, మర్నాటికి దవడ ఉబ్బిపోయి నోరు తెరవలేని రోగులకు దాన్ని వాడుకుంటానని హైమ గారు మూడుసార్లు అర్జీ పెట్టారు. టోకెను ఇచ్చి ఉన్నందున కాంతి అనవసరమని మూడుసార్లు జవాబు వెళ్ళింది. జవాబులు టైపు చేసింది నేనే. గది తాళంచెవి నా సొరుగులో ఉంటుంది. ఈమధ్య ఆ సొరుగుకు తాళం వెయ్యడం మర్చిపోతున్నాను. వయసు మీద పడుతోంది.

నా పన్ను సంగతి చెబుతానన్నాను కదా. దాన్ని మా ఆస్పత్రిలో ఎందుకు చూపించుకోలేదంటే, అక్కడి రిజిస్టరు రాసేది నేను గనక. అయితే గవరయ్య సర్టిఫికెట్ పట్టుకెళ్ళిన మర్నాడే పోయి హైమ గారి ముందు నోరు తెరిచాను. ఆవిడ పన్ను తట్టి చూసి, పీకేశారు.

ధ్వజారోహణం నాటి తెల్లవారుజామున పెరట్లో కుళాయి దగ్గర నిలబడి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నాను. వీధి చివర ఆ పెట్టె మోత ఠక్కున ఆగిపోయింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నాయి మొదలైంది. మొదటి స్వరం కొంచెం తడబడింది, నెల రోజుల మీద లేచిన మనిషి అడుగులా. గవరయ్య ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అందుకున్నాడు. ఈసారి అది ఇళ్ళ మీదుగా తిన్నగా వచ్చింది. నోట్లో నీళ్ళుండగానే నాకు ఏడుపొచ్చింది. మింగకూడదని అలాగే నిలబడ్డాను.

నా పుండు ఎప్పుడు మానిందో నాకు తెలుసు. ఆ తేదీ ఎక్కడా రాయలేదు.